మా నాయన చప్పట్లు కొట్టి తెచ్చిన కుక్క

“పోయొస్తానే సర్దార్. వేళకి తిను. నా మీద బెంగ పెట్టుకోకు” అన్నాను నేను. సర్దార్ నోరంతా తెరిచి, నాలుక చుట్టచుట్టి ఆవులించింది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. నేను ఎర్రచీర కట్టుకుని, మెడలో పూలదండ వేసుకుని, రాకిరాకిలో ఉన్న అత్తగారింటికి పోవడానికి టాక్సీ ఎక్కుతున్నాను. ముక్కు చీదుకుంటూ, కాటుకంతా చెంపల మీదికి కారిపోయి, చూసినవాళ్ళు జడుసుకునేలా ఉన్నాను. అదేమో పెళ్ళి వంటపాక వైపు తిరిగి పడుకుంది. నా కోసం ఏడ్చినవాళ్ళలో కుక్క లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మనిషికి కుక్క ఎంత విశ్వాసంగా ఉంటుందో అని కళ్ళు తుడుచుకోవడానికి గుడ్డ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు. ఆ గుడ్డ మడిచి పెట్టుకోండి.

ఇక్కడ ఫిజీలో మన తెలుగు సంఘంవాళ్ళు పుస్తకం వేస్తారట. ముసలివాళ్ళందరినీ గిర్మిట్ కష్టాలు చెప్పమన్నారు. చెరుకుతోటల కూలికని ఆ గిర్మిట్ ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కింది మా తాత, నేను కాదు. ఆయన కష్టాలు ఆయన చెప్పకుండానే పోయాడు. నాకు తెలిసిన కష్టం ఈ కుక్క ఒక్కటే. నాకు అక్షరాలు సంతకం వరకే వచ్చు, అది కూడా మధ్యలో ఎవరైనా పలకరిస్తే మర్చిపోతాను. అందుకని నేను చెప్తుంటే మా తమ్ముడి కూతురు రాస్తున్నది. (ఆదివారాలు గుడిలో తెలుగు నేర్చుకున్న పిల్ల. ఇప్పటికే రెండుసార్లు “అత్తా, మెల్లగా” అన్నది. మెల్లగా చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదు, రాసుకో.)

ఆ రోజుల్లో ఇంట్లోంచి పారిపోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఫోన్లా, పాడా! పిల్ల కనబడకపోతే చెరుకులో ఉందనుకునేవాళ్ళు, చెరుకులో లేకపోతే ఏట్లో ఉందనుకునేవాళ్ళు, ఏట్లోనూ లేకపోతే ఆకలేస్తే అదే వస్తుందిలే అని ఎవరి పని వాళ్ళు చూసుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లలు వాకిలి దాటితే అమ్మకి ఫోను మోగుతుంది. పాపం, వాళ్ళు పారిపోవాలన్నా పారిపోలేరు. మా కాలంలో ఆ ఒక్క సుఖం ఉండేది. దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్త. బళ్ళో ఆకాశం రంగు జెండా ఎగరేసి మాకు మిఠాయి పంచారు. స్వతంత్రం అంటే ఏమిటి టీచర్ అని నేను అడిగితే, ఇంక మన ఇష్టం వచ్చినట్టు మనం ఉండొచ్చు అని ఆమె చెప్పింది. ఆమె దేశం సంగతి చెప్పింది. నేను నా సంగతి అనుకున్నాను.

మా ఇల్లు బా అనే ఊరికి పైన కొండల్లో ఉండేది. రేకుల ఇల్లు, ముందు చెక్క వరండా, చుట్టూ చెరుకు. కోతల కాలంలో గ్యాంగు వచ్చి కొడితే, ఆ చెరుకంతా లారీల మీద రారవాయి మిల్లుకి పోయేది. ఒక కోతల కాలంలో ఎక్కణ్ణించో ఈ కుక్క ఊడిపడింది. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి ఉంటే ఒక చెవి వాలి ఉండేది. మనుషులంతా ఎండలో కత్తులు పట్టుకుని చెమటలు కక్కుతుంటే ఇది గట్టు మీద నీడలో కూర్చుని వరసగా ఒక్కొక్కరి పనీ చూసేది. ఒక్క గడ ముట్టేది కాదు. కోతగాళ్ళ మేస్త్రీని సర్దార్ అంటారు కదా, ఆయన చేసే పని కూడా అచ్చం అదే. అందుకని దానికి సర్దార్ అని పేరు పెట్టాను. అది ఎవరి కుక్కా కాదు, దిక్కులేనిది, నాలాంటిదే అనుకున్నాను. (నాకు అమ్మ, నాయన, తమ్ముడు, పక్కింట్లో పెద్దమ్మ, ఆమె ఇంటినిండా మనుషులు ఉండేవాళ్ళు. అయినా పదేళ్ళ వయసులో దిక్కులేనిదాన్ని అనుకోవడంలో ఒక తియ్యదనం ఉంటుంది.) నా రొట్టెలో సగం దానికి పెట్టేదాన్ని. అది నా సగం కూడా తినేది.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పాలి. నేను పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి చచ్చిపోబోయానట. నాయన మారెమ్మ గుడికి పరిగెత్తి, పిల్ల బతికితే ఏటేటా నీ నిప్పులు తొక్కుతాను తల్లీ అని మొక్కుకున్నాడు. నేను బతికాను. అంతే, అప్పటినుంచి కోతల కాలంలో జాతర వచ్చిందంటే ఆయన పచ్చబట్ట కట్టి, చేతికి పసుపుతాడు కట్టుకుని దీక్షలో దిగేవాడు. మాంసం లేదు, చేప లేదు, బీడీ లేదు, యంగోనా లేదు. (యంగోనా అంటే ఆ వేరు దంచి నీళ్ళలో పిసికే బురదరంగు తాగుడు. ఫిజీలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, పుస్తకం ఇండియా కూడా పోతుందట కాబట్టి చెప్తున్నా.) దీక్ష ఆయనదే గానీ ఇల్లంతా పత్యం చేసేది. ఏ కాస్త మైల తగిలినా గుండంలో కాళ్ళు బొబ్బలెక్కుతాయని నాయనకి గట్టి నమ్మకం. ఆ రోజుల్లో ఆయన వాకిట్లో నడిచినా చూసి చూసి అడుగేసేవాడు.

అలాంటి ఇంట్లో, పొద్దున్నే స్నానం చేసి తడిబట్టతో నాయన వరండాలోకి వచ్చి దీపం దగ్గర కూర్చోబోతే, అక్కడ పందికాలు ఎముక ఉంది. చిన్నదేం కాదు. నా మోచెయ్యంత. పక్కనే సర్దార్ రెండు ముందుకాళ్ళూ ముడుచుకుని దాన్ని కాపలా కాస్తున్నది. నాయన కేక విని పెద్దమ్మ పక్కింట్లోంచి చీపురుతో వచ్చింది, దొంగలు పడ్డారని. అమ్మ పసుపునీళ్ళు తెచ్చి చల్లింది. మర్నాడు ఇంకో ఎముక. ఆ మర్నాడు పక్కటెముకల ముక్క ఒకటి, దాన్ని తీసుకొచ్చి నాయన ఆరేసుకున్న పచ్చబట్ట కింద, నీడపట్టున పెట్టుకుని తింటున్నది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. అది నా రొట్టెల రుణం తీర్చుకోవడానికి నా కోసం కానుకలు తెస్తున్నదని నేను అనుకున్నాను. ఆ మాటే అమ్మతో చెప్పాను. “కానుకలా! నీ మొహం!” అని నెత్తిన ఒకటి వేసింది.

“ఇంక లాభం లేదు” అన్నాడు నాయన. “రేపు లారీ వస్తుంది. గోనెసంచిలో పెట్టి మూతి కట్టి ఎక్కించేస్తా. డ్రైవరు రారవాయి మిల్లు దాటాక ఎక్కడో ఒకచోట దింపేస్తాడు.”

“దానికి దారి తెలీదు నాయనా” అన్నాను.

“తెలీకూడదనే కదే దింపేది!”

“అది చచ్చిపోతుంది.”

“దాని బతుకు చూసుకుంటూ కూర్చుంటే నా కాళ్ళు కాలతాయి. నేను ఎవరి కోసం తొక్కుతున్నానే నిప్పులు? నీ కోసం కాదూ?”

ఆయన చెప్పింది నిజం. నేను బతికినందుకే కుక్క గోనెలోకి పోతున్నది. ఆ లెక్క నాకు ఎంత తిప్పినా సరిపోలేదు. చివరికి టీచర్ చెప్పిన స్వతంత్రం గుర్తొచ్చి, పారిపోదామని నిశ్చయించుకున్నాను. ఎక్కడికి? రాకిరాకిలో మా అవ్వ ఉంది, అమ్మకి అమ్మ. రాకిరాకి ఎటువైపో నాకు తెలీదు. సూర్యుడు వచ్చే వైపు అని ఎవరో అన్నట్టు గుర్తు. బడిసంచిలో పలకా పుస్తకం తీసేసి నాలుగు రొట్టెలు, బంగాళాదుంప కూర ఒక డబ్బాలో, పండగ గౌను ఒకటి పెట్టుకున్నాను. అమ్మ వంటింట్లో ఉంది. వెనకగుండా దిగి, చెరుకులోకి దూరి, “పద సర్దార్, అవ్వ దగ్గరికి పోదాం” అని మెల్లగా చెప్పాను. అది లేచింది. ఒకసారి సంచి వాసన చూసింది. తోక ఎత్తుకుని ముందు నడిచింది.

ఎంత బుద్ధిగల కుక్కో, చెప్పగానే దారి పట్టేసింది అని నేను మురిసిపోయాను. చెరుకు దాటి, గుట్ట దిగి, ఏటి వైపు మళ్ళింది. రాకిరాకి ఏరు దాటి పోవాలేమో, దీనికి అడ్డదారి తెలుసేమో అనుకున్నాను. గట్టు మీద మా గ్యాంగువాళ్ళు అన్నాలు తింటూ కనబడ్డారు. “ఎక్కడికి అమ్మాయ్, సంచి వేసుకుని?” అని ఒకడు అరిచాడు. “రాకిరాకి” అన్నాను. అందరూ నవ్వారు. “బస్సులో మాకూ సీటు పెట్టమ్మా!” అన్నాడు ఇంకొకడు. నేను తల తిప్పకుండా నడిచాను. లోతు లేనిచోట ఏరు దిగాం. గౌను పైకి దోపుకుని నేను, తల మాత్రం పైకి పెట్టి అది. దాటేటప్పటికి బంగాళాదుంప కూర డబ్బాలో ఏటినీళ్ళు చేరి పులుసైంది. అవతల ఒడ్డున కూర్చుని రొట్టెలు తీశాను. సర్దార్ తన వంతు తిని, నా వంతు కూడా తిని, మూతి నాక్కుని, లేచి పరుగెత్తింది. రొట్టెలున్నంతసేపే అది నాతో నడిచిందన్న మాట ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం, “నన్ను తొందర పెడుతున్నది పాపం, సాయంత్రం లోపల అవ్వ దగ్గరికి చేర్చాలని” అనుకుంటూ దాని వెనక పరుగెత్తాను.

అది పోయి పోయి ఒక కోరోలో ఆగింది. కోరో అంటే కైవీతివాళ్ళ ఊరు, ఈ దేశం మొదటినుంచీ వాళ్ళది కదా, ఆ ఊళ్ళు. మధ్యలో పచ్చగడ్డి మైదానం, చుట్టూ ఇళ్ళు, ఒక చివర తెల్లసున్నం వేసిన చర్చి. నేను ఎప్పుడూ అంత దూరం పోలేదు. సర్దార్ మాత్రం ఊరి నడిమధ్యనుంచి దొరలాగా నడిచి పోయింది. వాకిళ్ళలో చాపలు అల్లుతున్న ఆడవాళ్ళు తలెత్తి, “సామూ! సామూ!” అని కేకలేశారు. మా సర్దార్ తోక ఊపింది. నాకు ఎన్నడూ ఊపనంత ఊపింది. ఒకామె చెట్టుకింద మట్టిపాత్రలో నీళ్ళు పోస్తే పోయి తాగింది. అది దాని పాత్ర. దానికి పాత్ర ఉంది! పేరుంది, ఊరుంది, పాత్రుంది. దిక్కులేనిది ఆ మైదానంలో నేనొక్కతెనే.

అప్పుడు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఒకామె నా తడిగౌను పిండింది, ఒకామె ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. లోపల్నించి ఒక పెద్దాయన వచ్చాడు. జుట్టు తెల్లగా దూదిబుట్టలాగా ఉంది. ఆయన ఆ ఊరికి పెద్ద. బా బజారులో పెండలం దుంపలు అమ్మీ అమ్మీ మా కంటే మంచి హిందీ మాట్లాడతాడు.

“ఎవరి బిడ్డవి?” అన్నాడు.

“నిప్పులు తొక్కే ఆయన బిడ్డని.”

“ఆహా. మరి ఇక్కడికెందుకొచ్చావు?”

“రాకిరాకి పోతున్నాను.”

“రాకిరాకి అటు” అని నేను వచ్చిన దారి చూపించాడు. “నువ్వు దానికి వీపు తిప్పి నడుస్తున్నావు. ఇలాగే పోతే భూమి చుట్టూ తిరిగి చేరతావు. ఆకలేస్తున్నదా?”

పంది కూర తెచ్చారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని, “మా ఇంట్లో దీక్ష, తినకూడదు” అన్నాను. (చూడండి నా బుద్ధి. ఇల్లు వదిలేశాను, నాయన్ని వదిలేశాను, ఆయన పత్యం మాత్రం మూటకట్టుకుని తెచ్చాను.) ఉడకబెట్టిన కసావా దుంప, కొబ్బరి, అరటిపండ్లు పెట్టారు. తింటూ తింటూ కథంతా చెప్పాను. దీపం, ఎముక, పచ్చబట్ట, గోనెసంచి, లారీ, రారవాయి. పెద్దాయన వింటూ మధ్యమధ్య ఆడవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్తున్నాడు, వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. చివరికి ఆయన అసలు సంగతి చెప్పాడు. ఆ వారం ఊళ్ళో పెళ్ళి జరిగిందట. పందుల్ని గుంటలో కాల్చారట. “మా ఊరి నిండా కుక్కలు. ఎముక దొరికితే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. సామూ పిరికిది. ఎముక పట్టుకుని ఏరు దాటి పోతుంది. ఎక్కడికి పోతున్నదో మాకు ఇన్నాళ్ళూ తెలీదు. మీ ఇంట్లో మాంసం లేదు, గొడవ లేదు, ఇంకో కుక్క లేదు. ఎంత ప్రశాంతంగా ఉంటుంది దానికి!”

అంటే మా నాయన దీక్ష పట్టిన వరండా దానికి భోజనాల గది. నా కానుకలు కానుకలు కావు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది గానీ నోట్లో అరటిపండు ఉండి కుదరలేదు. అయినా ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాను. “అది రాకపోతే నేనూ ఇంటికి పోను. నాయన దాన్ని గోనెలో కట్టేస్తాడు.” పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. “చూద్దాం” అన్నాడు.

అటుపక్క మా ఇంట్లో, పొద్దు వాలుతుంటే అమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. గ్యాంగువాళ్ళు “కుక్క ముందు, మీ పిల్ల వెనక, ఏరు దాటారు” అని చెప్పారు. నాయన అలాగే పరుగెత్తబోతే వాళ్ళే ఆపారట. “ఒట్టిచేతుల్తో కోరోలోకి పోతావా? మర్యాద ఉండక్కర్లా?” అని. కోరోలోకి పోయి ఏదైనా అడగాలంటే యంగోనా వేళ్ళ కట్ట తీసుకుపోయి ముందు పెట్టాలి. అది వాళ్ళ పద్ధతి, ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. కానీ దీక్షలో ఉన్న మనిషి యంగోనా ముట్టచ్చా? దుకాణంలో కట్ట కొని, దాన్ని అరిటాకులో చుట్టి, ఒంటికి తగలకుండా, చచ్చిన పాముని తోక పట్టుకుని తెచ్చినట్టు చెయ్యి చాచి పట్టుకుని, పచ్చబట్ట మోకాళ్ళ దాకా తడుపుకుంటూ ఏరు దాటి వచ్చాడు మా నాయన.

నేను ఆడవాళ్ళ వెనక నక్కి చూస్తున్నాను. పెద్దాయన ఇంట్లో చాపలు పరిచారు. మగవాళ్ళంతా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. నాయన కట్ట ముందు పెట్టి హిందీలో, “నా కూతురు ఇక్కడుందని విన్నాను, పంపించండి” అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటని పెద్దాయన తమ భాషలో ఎంతసేపు చెప్పాడనుకున్నారు! కొండల పేర్లు వచ్చాయి, ఏటి పేరు వచ్చింది, మారెమ్మ పేరు కూడా వచ్చింది. అందరూ “వినాకా, వినాకా” అన్నారు, అంటే బాగుంది బాగుంది అని. నేను ఇంత చెప్పానా అన్నట్టు నాయన అటూ ఇటూ చూస్తున్నాడు. తర్వాత అరచేతులు దొప్పలాగా చేసి బొంగురుగా చప్పట్లు కొట్టి, కట్ట అందుకున్నారు. పెద్ద చెక్కగిన్నెలో కలిపారు. మొదటి కొబ్బరిచిప్ప నిండా ముంచి నాయన ముందుకు తెచ్చారు.

నాయన మొహం చూడాలి. దీక్ష పట్టేదాకా ఆయన ఆ చిప్ప చూస్తే లేచి పరుగెత్తి వచ్చే మనిషి. ఇప్పుడు అదే చిప్ప ఆయన ముక్కు కింద ఉంది. తాగితే దీక్ష పోతుంది, కాళ్ళు కాలతాయి. తాగకపోతే వాళ్ళకి అవమానం. చెయ్యి పైకెత్తి పసుపుతాడు చూపించి, “క్షమించాలి. తాగకూడదు. నిప్పు...” అన్నాడు. చిప్ప తెచ్చినవాడు పెద్దాయన వైపు చూశాడు.

పెద్దాయన తల ఊపాడు. “నిప్పంటే మాకు తెలుసు. మా వాళ్ళలో బెంగ అనే దీవివాళ్ళు కాలే రాళ్ళ మీద నడుస్తారు. ముందు వాళ్ళు కొబ్బరి ముట్టరు. నీ మాట నీ దేవతకి. మంచిదే.” ఆ చిప్ప తనే తీసుకుని గటగటా తాగేశాడు. నాయన ఊపిరి వదిలాడు. అప్పుడు పెద్దాయన మీసాలు తుడుచుకుని, “కానీ మొదటిసారి మా ఇంటికొచ్చిన మనిషిని ఒట్టిచేతుల్తో పంపడం మాకు పద్ధతి కాదు. నువ్వు తాగనక్కర్లేని వస్తువు ఒకటి ఇస్తాం” అన్నాడు. ఆయన సైగ చేస్తే ఒకామె బయటికి పోయి, చెట్టుపట్టతో పేనిన తాడు మెడకి కట్టి, సర్దార్ని లాక్కొచ్చింది.

“ఇది మా ఊరి కుక్క” అని మొదలుపెట్టాడు పెద్దాయన. “దీని తల్లి కూడా మా ఊరి కుక్కే. దీనికి మీ ఇల్లంటే ఇష్టం. మీ బిడ్డకి ఇదంటే ఇష్టం. మా ఊరు మీ ఊరికి దీన్ని ఇస్తున్నది. దీన్ని చూసుకుంటే మమ్మల్ని చూసుకున్నట్టే. దీన్ని కొడితే...” అని అక్కడ ఆగి, చాపల మీదున్న మగవాళ్ళందరి వంకా చూశాడు. ఒక్కొక్కడి భుజం మా వాకిలి అంత ఉంది.

నాయన అదే ఇంట్లో, అదే చాప మీద, అప్పుడే ఒకటి కాదన్నాడు. రెండోది ఎలా కాదంటాడు? గోనెసంచి మాట వాళ్ళకి తెలుసని ఆయనకి తెలీదు. నా వైపు ఒక చూపు చూశాడు. నేను చప్పున ఒకామె గౌను వెనక మొహం దాచుకున్నాను. ఆయన మెల్లగా అరచేతులు దొప్పలు చేసి, వాళ్ళు కొట్టినట్టే బొంగురుగా చప్పట్లు కొట్టి, రెండు చేతులతో ఆ తాడు అందుకున్నాడు. సర్దార్ ఆయన కాలు వాసన చూసి, ఒడిలో తల పెట్టుకుంది. దీక్షలో ఉన్న ఒడి! ఇల్లంతా “వినాకా!” అని అరిచింది.

తిరుగుదారి పట్టాం. కానుకగా ఇచ్చినదాన్ని చేత్తో పట్టుకునే ఇంటికి తీసుకుపోవాలి, దానంతట దాన్ని వదలకూడదు అని వాళ్ళు చెప్పారు. పచ్చబట్ట కట్టుకున్న మనిషి, చేతిలో తాడు, తాడు చివర కుక్క, వెనక బడిసంచితో నేను. గ్యాంగువాళ్ళు ఇంకా గట్టు మీదే ఉన్నారు, చూడకుండా పోతారా మరి.

“ఏంటన్నా, ఈసారి అమ్మవారికి మేక బదులు కుక్కా?”

“నోర్మూయండ్రా.”

“పిల్లని తెస్తానని పోయి జంటగా తెచ్చావే!”

“అమ్మాయ్, రాకిరాకి ఎట్లా ఉంది? అవ్వ బాగుందా?”

ఇంటికొచ్చాక అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చి, తర్వాత రెండు వేసి, మళ్ళీ వాటేసుకుంది. అప్పుడు తాడు చూసింది. “ఇదేమిటి? వదిలించుకోవాలనుకున్నదాన్ని చేయి పట్టుకుని తెచ్చావేమిటి?” అన్నది. “ఇచ్చారు” అన్నాడు నాయన. “ఇస్తే?” “ఇస్తే తీసుకోవాలి. నీకు తెలీదు, ఊరుకో.” గుడికి పోయి పూజారిని అడిగితే ఆయన ఆలోచించి, “నువ్వు పసుపునీళ్ళతో స్నానం చెయ్యి. ఇప్పుడది మీ ఇంటి జీవం కాబట్టి దానికీ చేయించు” అన్నాడట. నాయన చేశాడు. సర్దార్ని పట్టుకుని రుద్దినది మాత్రం అమ్మ, పెద్దమ్మ, నేను. రెండు చీరలూ, నా గౌనూ పచ్చబడ్డాయి. కుక్క కూడా ఒంటినిండా పచ్చగా అయి, నాయనతోపాటు దీక్ష పట్టినట్టే కనబడింది. ఇంక మా ఇంట్లో ఎముక కనబడకూడదని నాయన దానికి పప్పన్నం పెట్టించాడు. అది ఆ పప్పన్నం మర్యాదగా తిని, ఏరు దాటి పోయి అసలు భోజనం చేసి వచ్చేది.

జాతరనాడు నాయన నిప్పులు తొక్కాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కాలితే నా వల్లే. కుక్క ఒడిలో తల పెట్టింది, నేను కోరోలో కూర్చుని తిన్నాను, ఎన్ని మైలలో! కళ్ళు తెరిచేటప్పటికి ఆయన గుండం అవతల, కాళ్ళు చల్లార్చుకునే పాలగుంటలో నిలబడి ఉన్నాడు. ఒక్క బొబ్బ లేదు. మర్నాడు పొద్దున్నే దీక్ష విప్పి, హాయిగా ఒళ్ళు విరుచుకుని వరండాలోకి అడుగు పెట్టి, సర్దార్ దాచుకున్న ఎముక ముక్క మీద కాలేశాడు. నిప్పుల్లో ఏమీ కాని కాలు ఎముక గుచ్చుకుని గుమ్మడికాయలాగా వాచింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నిప్పుల్లోనే కాలిందనుకుని, పాపం ఏం తప్పు జరిగిందో అని గుసగుసలాడారు. ఎముక అని చెప్పుకోలేడు, నిప్పు అని ఒప్పుకోలేడు. కుంటుకుంటూ తిరిగాడు. కుక్కని మాత్రం ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆ ఊరివాళ్ళ భుజాలు గుర్తొచ్చి ఉంటాయి.

కాలు తగ్గాక కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, “కుక్క కనబడటం లేదు, కోరోకి పోయి చూసొస్తా” అని ఆయన బయలుదేరాడు. కళ్ళు పెద్దవి చేసుకుని, నాలుక మొద్దుబారి, మాటలు సాగదీస్తూ తిరిగొచ్చాడు. పెద్దాయనా తనూ ఒకే చెక్కగిన్నె ముందు కూర్చున్నారన్నమాట. తర్వాత అది అలవాటైంది. ప్రతి శనివారం “కుక్కని వెతకాలి” అని లేచేవాడు. “కుక్క నీ కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది కదయ్యా!” అని అమ్మ అరిచేది. ఆయన కిందికి చూసేవాడు, సర్దార్ పైకి చూసేది. “అయితే దీన్ని తీసుకుపోయి చూపించి వస్తా” అని తాడు అందుకునేవాడు. ఒకసారి తుఫానుకి ఏట్లో వరదొచ్చి మా వంటింట్లో గింజ లేనప్పుడు, ఆ ఏరు దాటి కసావా మూటలు మోసుకొచ్చినవాళ్ళు ఆ ఊరివాళ్ళే. అప్పుడు మాత్రం అమ్మ కుక్కని తిట్టడం మానేసింది.

నేను పదేళ్ళప్పుడు ఒక దిక్కులేని జీవాన్ని కాపాడానని చాలాకాలం గర్వపడ్డాను. పెళ్ళిలో మా ఆయనకి మొదట చెప్పిన కథ అదే. (ఆయన విని “ఊఁ” అన్నాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ దేనికైనా అదే మాట, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.) ఇప్పుడు ఆలోచిస్తే, అది ఇంటికి అన్నానికి పోతుంటే నేను వెనకపడి పోయాను, అంతే. దారి దానిది, ఊరు దానిది, పరువు దానిది. నా చేతిలో ఉన్నది రొట్టెల సంచి. అత్తగారింట్లో ఒకసారి మాటామాటా వచ్చి, మళ్ళీ పారిపోదామని నేను సంచి సర్దాను. ముప్పై దాటిన దాన్ని, ఇద్దరు బిడ్డల తల్లిని. చీరలు పెట్టుకుని గేటు దాకా వచ్చి నిలబడ్డాను. రోడ్డు ఈ వైపుకీ ఉంది, ఆ వైపుకీ ఉంది. ముందు నడవడానికి తోక ఎత్తుకున్న జీవం ఒక్కటీ లేదు. కాసేపు అలాగే నిలబడి, ఎండ మాడుస్తుంటే లోపలికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. “ఎక్కడికి పోయావు?” అన్నాడు మా ఆయన. “రాకిరాకి” అన్నాను. ఉన్నదే రాకిరాకిలో. ఆయన “ఊఁ” అన్నాడు.

ఏమే, రాస్తూ రాస్తూ ఎందుకు నవ్వుతున్నావు? అదంతా రాసేశావా? గేటు మాట కూడానా? సరే, ఉండనీ, చదివేవాళ్ళలో ఎందరు గేటు దాకా వచ్చి వెనక్కి పోయారో ఎవరికి తెలుసు. నాకు గొంతు ఎండిపోయింది, ఆ నీళ్ళ చెంబు ఇటివ్వు. ఇంక నువ్వు చెప్పు, నేను వింటాను. మొదటినుంచి గట్టిగా చదువు.